తలుగు లేని సైకిల్

బుధవారం మధ్యాహ్నమైనా కురుమయ్య ఇంకా సైకిల్ కొనలేదు. ఆదివారం పొద్దున పోటీ.

గుట్ట నెత్తి నుంచి రాళ్ల మీదుగా సైకిల్‌ను కిందికి దించే పోటీ అది. నాగర్‌కర్నూల్ దాటాక కొల్లాపూర్ వైపు ఒక రాతిగుట్ట మీద పెడుతున్నారు. జూనియర్ అమ్మాయిల్లో ఇద్దరిని రాష్ట్ర జట్టుకు ఎంపిక చేస్తారు. కురుమయ్య కూతురు శిల్ప వనపర్తిలో డిగ్రీ చదువుతోంది. జనవరి వస్తే ఆమెకు జూనియర్ వయసు దాటుతుంది. జట్టులో చోటు దొరికితే ఈ ఆదివారమే దొరకాలి.

పోయినేడు ఇదే గుట్ట మీద ఆమె పడింది. సగం దారిలో మోకాలెత్తు బండ ఒకటి మెట్టులాగా ఉంటుంది. అప్పుడు ఆమె తొక్కిన సైకిల్‌కు ముందు చక్రానికే కుదుపు మింగే షాకర్ ఉంది. మెట్టు దిగగానే వెనక చక్రం ఎగిరి తన్నింది. శిల్ప హ్యాండిల్ మీదుగా వెళ్లి రాళ్లలో పడింది, జబ్బ ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది. కానీ అప్పటినుంచి మెట్టు కనబడితే చాలు, వేళ్లు వాటంతటవే బ్రేకు మీదికి పోతున్నాయి. అక్కడ బ్రేకు పట్టినవాళ్లు గెలవరు, ఒక్కోసారి నిలవరు కూడా.

వనపర్తిలో ఆమెకు నేర్పే పాల్ సారు ఈ సంగతి చెప్పినప్పుడు కురుమయ్యకు విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. రేగడి బురదలో ఒకసారి కూలబడ్డ ఎద్దు మళ్లీ ఆ చోటికి వచ్చేసరికి ఎట్లా మొరాయిస్తుందో ఆయన చూశాడు. దారి మార్చే వీల్లేదు కాబట్టి బండి మార్చాలి. ముందూ వెనకా రెండు దిక్కులా షాకర్ ఉన్న సైకిల్ కావాలి.

కురుమయ్య పెబ్బేరు పశువుల సంతలో దలారి. పదిహేనేళ్ల వయసులో మేస్త్రీ వెంట పుణె వెళ్లి రాళ్లు మోశాడు. పెళ్లయ్యాక భార్య జమ్ములమ్మను కూడా తీసుకుపోయాడు. శిల్ప పుట్టాక తిరిగొచ్చి సంతలో ఎడ్లు పట్టుకుని నిలబడే పనికి కుదిరాడు. పట్టుకుని నిలబడ్డవాడికి బేరాలు కనబడతాయి. కొన్నేళ్లకు తానే బేరాలు కుదర్చడం మొదలుపెట్టాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్ల బేరం సగానికి పడిపోయినా, ఆయన మాట మీద జత కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన చూసి ఇప్పించిన ఎద్దు తిరిగి సంతకు వచ్చిందన్న మాట లేదు. ఆయనకున్న ఆస్తి అదే.

సైకిల్ కోసం ఆయన తాను పెంచుతున్న రెండు కోడెల్ని అమ్మేశాడు. జత కోడెల ధర ఎంతో అంతే చేతిలో ఉంది. దానికి మించి లేదు.

వనపర్తి దుకాణంలో డబుల్ షాకర్ సైకిల్ అని ఒకటి చూపించారు. ఎర్రగా మెరుస్తోంది. ఆ ధరకు కోడెల డబ్బులో సగం మిగిలేది. కురుమయ్య సీటు మీద అరచేయి పెట్టి నొక్కి వదిలాడు. మంచం స్ప్రింగులా రెండుసార్లు ఎగిరి, కిర్రుమని ఆగింది. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకు ఊపితే కదిలింది. లేపి చూస్తే దూడంత బరువుంది. దుకాణందారు, పిల్లలంతా ఇదే కొంటున్నారని చెప్పాడు. పిల్లలు గుట్టల మీంచి దిగరని పాల్ సారు అన్నాడు. బయటికొచ్చాక ఇంకో మాట కూడా చెప్పాడు: పేరుకు షాకర్ ఉన్నదాని కంటే ముందు ఒక్కటే ఉన్న మంచి సైకిల్ నయం, ఈ డబ్బుకు అది కొత్తదే వస్తుంది.

శిల్ప కుడిచేత్తో ఎడమ జబ్బను పట్టుకుని నిలబడింది. కురుమయ్య అది చూశాడు.

పాల్ సారు ఫోన్‌లో వెతగ్గా గద్వాలలో ఒకటి తేలింది. శ్రీనాథ్ అనే అతను బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు కొన్నది. ఉద్యోగం వదిలి ఊళ్లో విత్తనాల కోసం సీడు పత్తి పెట్టుకున్నాక కొట్టంలోనే ఉంది. అసలైన రెండు షాకర్ల సైకిల్. అడిగిన ధర కోడెల ధర కంటే ఎక్కువ. రాయచూరు నుంచి ఒకాయన కూడా ఫోన్ చేశాడట, ఇంకా రాలేదు.

గురువారం తండ్రీ కూతురు గద్వాలలో శ్రీనాథ్ ఇంటికి వెళ్లారు. చూడాల్సినవన్నీ పాల్ సారు చెప్పి పంపాడు. చట్రం అతుకుల దగ్గర పగుళ్లున్నాయా, కీళ్లు టక్కుమంటున్నాయా, వెనక షాకర్ కడ్డీ మీద నూనె జిడ్డుందా చూడమన్నాడు. కురుమయ్య అవన్నీ చూసి తన పద్ధతిలోనూ చూశాడు. మెరుపును నమ్మలేదు. సంతకు తెచ్చే ముందు ఎద్దు ఒంటికి నూనె రాసి, కడుపు నిండుగా కనబడేందుకు ఉప్పునీళ్లు తాగించి తెస్తారు. అందుకని నడిపించి చూడాలి. శిల్పను ఎక్కించి, వీధి చివర రాళ్లకుప్ప మీదుగా దించి, మళ్లీ ఎక్కించాడు. వెనక చక్రం రాయి ఎక్కినప్పుడు సీటు కదల్లేదు. చక్రం ఒక్కటే మడిచిన మోకాలులా పైకి జరిగి, మెల్లగా దిగింది. శిల్ప మొహం మారిపోయింది.

ఆ మొహం చూసి కురుమయ్య భయపడ్డాడు. ఎద్దుతో ఎవరు దున్నుకోబోతున్నారో వాళ్లను దలారి బేరం దగ్గర నిలబడనివ్వడు. ఇష్టం మొహంలో కనబడితే ధర ఎక్కుతుంది.

"బిడ్డా, నువ్వు పోయి బస్టాండ్ల కూసో," అన్నాడు. "నీ మొఖం చూస్తె పటేల్ ఇంకింత అడుగుతడు."

శిల్ప వెళ్లిపోయింది. ఆ తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఆమె వెళ్లిపోవడమే.

శ్రీనాథ్ ధర తగ్గించనన్నాడు. కురుమయ్య భుజం మీది తువ్వాల తీసి అతని చేతి మీద వేయబోయాడు. సంతలో బేరం నోటితో ఆడరు. తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని వందలూ వేలూ చెప్పుకుంటారు, చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలియదు. శ్రీనాథ్ నవ్వి చేయి వెనక్కి తీసుకున్నాడు. అతని తండ్రి చెన్నయ్య నవ్వలేదు. డెబ్బై దాటిన ఆ రైతు అరుగు దిగి వచ్చి, కొడుకును పక్కకు జరగమని తన చేయి తువ్వాల కిందికి చాపాడు.

"ఇది ఎద్దా నాయినా?" అన్నాడు శ్రీనాథ్.

"కొట్టంల కట్టేసినవ్ గద. ఎద్దే," అన్నాడు చెన్నయ్య.

బేరం చాలాసేపు నడిచింది. శ్రీనాథ్ తన సైకిల్ ధర తనకే తెలియకుండా పక్కన నిలబడ్డాడు. చివరికి తువ్వాల తీసేసరికి కోడెల డబ్బు సరిపోయింది. ఆటో కిరాయికి కాస్త మిగిలింది. ధర విన్నాక శ్రీనాథ్ మొహం ముడుచుకుంది కానీ తండ్రి చేయి పడ్డాక మాట్లాడేదేముంది? లోపలికి వెళ్లి ఒక సంచి తెచ్చాడు. అందులో తాళం గొలుసు, గాలి ఎంతుందో చూపే ముల్లున్న చిన్న పంపు ఉన్నాయి. పంపు చేతిలోకి తీసుకుని, దీన్ని రోజూ అని మొదలుపెట్టాడు.

చెన్నయ్య అడ్డం పడ్డాడు. "తలుగు ఇంట్లకెళ్లి ఇయ్యొద్దు."

తలుగు అంటే పశువును కట్టే తాడు. ఎద్దును అమ్మినా దాని తలుగును అమ్మరు. మెడ నుంచి విప్పి కొట్టంలో తగిలిస్తారు. అది కూడా పోతే కొట్టం ఖాళీ అవుతుందని నమ్మకం. మర్యాద తెలిసిన దలారి దాన్ని అడగడు, ఇచ్చినా తీసుకోడు. కురుమయ్యకు చెన్నయ్య మాట నచ్చింది. తనకు తెలిసిన లోకంలోని మనిషి.

"నాకెర్క లేదా పటేలా," అని సంచిని వెనక్కి నెట్టాడు.

శ్రీనాథ్ ఇద్దరి మొహాలూ చూశాడు. "మీ ఇష్టం," అని సంచిని కొట్టంలో మేకుకు తగిలించి, పొలానికి పోయాడు.

శుక్రవారం పొద్దున శిల్ప పెబ్బేరు అవతల గుట్ట మీద తొక్కింది. అక్కడా మెట్టులాంటి బండ ఒకటి ఉంది. మూడోసారికి బ్రేకు పట్టకుండా దిగింది. పాల్ సారు ఫోన్ చేసి ఆ మాట చెబితే కురుమయ్య విని ఊరుకున్నాడు. ఎక్కువ మాట్లాడితే దిష్టి తగులుతుందనుకున్నాడేమో.

సాయంత్రం ఆమె సైకిల్‌ను నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. సీటు మీద కూర్చుంటే వెనక భాగం మెల్లగా కిందికి దిగిపోతోంది. లేస్తే సగమే లేస్తోంది. వెనక షాకర్‌లో స్ప్రింగు లేదు, గాలే స్ప్రింగు. ఆ గాలి ఎక్కడినుంచో పోతోంది.

కురుమయ్య వంగి చూశాడు. కట్టేసి విశ్రాంతి ఇచ్చాక లేపితేనే ఎద్దు కుంటు బయటపడుతుంది. సంతలో ఆయన ప్రతి ఎద్దునూ అట్లా కట్టేసి చూస్తాడు. నిన్న కట్టేయలేదు. టైము లేదనుకున్నాడు.

"గాలి పెడ్తె అయిపోతది నాయినా," అంది శిల్ప. "దీనికి వేరే పంపుంటది. చిన్నగుంటది, ముల్లుంటది. ఇచ్చిన్రా?"

కురుమయ్య సైకిల్ వైపే చూస్తున్నాడు.

"ఇచ్చిన్రా నాయినా?"

"పంచరు దుకాన్ల చూద్దాం పా," అన్నాడు.

హైవే పక్క పంచరు దుకాణంలో లారీ టైర్లకు గాలి కొట్టే యంత్రం ఉంది. దుకాణంవాడు కురుమయ్యను చూసి, ఎద్దుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చావా అన్నా అని నవ్వాడు. గొట్టం పెడితే షాకర్ లేచింది. గొట్టం తీస్తుండగానే బుస్సుమని కూర్చుంది. లోపల గాలి నిలిచే గది అంత చిన్నది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఇంకాస్త గట్టిగా కొడితే పగులుతుందేమోనని దుకాణంవాడే చేయి తీసేశాడు.

పాల్ సారు వనపర్తిలో, మహబూబ్‌నగర్‌లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. అట్లాంటి పంపు ఎవరి దగ్గరా లేదు. తెప్పిస్తే వచ్చేవారం వస్తుంది. పోటీకి వచ్చే హైదరాబాద్ పిల్లల దగ్గర ఉంటుంది, కానీ వాళ్లు ఇస్తారో లేదో తెలియదు, శనివారం సాయంత్రం ఐదింటిలోగా సైకిళ్ల తనిఖీ. కూర్చుండిపోయిన షాకర్‌తో తీసుకెళ్తే తనిఖీలోనే పక్కన పెట్టేస్తారు. శ్రీనాథ్ ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు.

ఇంట్లో జమ్ములమ్మ రొట్టెలు చేస్తోంది. ఆమె కూడా రోజూ సీడు పత్తిలో క్రాసింగ్ పనికే పోతుంది. ఇప్పుడు పత్తిచేలల్లో ఉన్నవాళ్లెవరూ ఫోన్ ముట్టరని, పువ్వు విప్పిన రోజే పుప్పొడి అద్దాలని చెప్పింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"పిల్ల అడిగిందానికి జవాబు చెప్పలేదు నువ్వు."

కురుమయ్య రొట్టె విరుస్తూ చెప్పాడు. "ఇచ్చిండు. నేనే వద్దన్న. తలుగు అనుకున్న."

శిల్ప లేచి బయటికి వెళ్లింది. సైకిల్ దగ్గర కూర్చుని చక్రం కమ్మీలకు పట్టిన మట్టిని పుల్లతో గీకుతూ ఉండిపోయింది. తిట్టి ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేది.

గద్వాలకు తిరిగి వెళ్లి పంపు అడగడం పెద్ద పనిగా కనబడదు. దలారికి మాత్రం పెద్ద పనే. అమ్మకం అయ్యాక తలుగు కోసం తిరిగి వచ్చినవాడు ఎద్దును కూడా వెనక్కి ఇవ్వాలి. అది సంత కట్టుబాటు. తలుగు అడిగాడంటే బేరం మీద మనసు తిరిగిందని అర్థం. చెన్నయ్య కట్టుబాటు తప్పని మనిషి. అటు రాయచూరాయన ఎక్కువ ధరతో సిద్ధంగా ఉన్నాడు. ఇది ఎద్దు కాదు, యంత్రం అని వాదించడానికీ లేదు. తువ్వాల వేసింది తనే. ఎద్దు అన్నందుకే ధర దిగింది. ఇప్పుడు కాదంటే ఆ ధర కూడా కాదు.

శనివారం పెబ్బేరు సంత. తెల్లవారేసరికి ఎడ్ల లారీలు దిగుతున్నాయి. కురుమయ్య సంతలోకి వెళ్లకుండా గద్వాల పోవడానికి మోటర్ సైకిల్ తీశాడు. సంతరోజు ఆయన ఊళ్లో ఉండి సంతకు పోకపోవడం అదే మొదలు. గేటు దగ్గర తోటి దలారి ఒకడు, సైకిల్ బేరాలు తగిలాక ఎడ్లు కంటికి ఆనడం లేదేమో అని అందరికీ వినబడేలా అన్నాడు. ఈయన ఆగలేదు.

చెన్నయ్య అరుగు మీదే ఉన్నాడు. "సంత నాడు గద్వాల్ల ఏం పని కురుమయ్యా?"

కురుమయ్య కింది మెట్టు మీద కూర్చుని జరిగింది చెప్పాడు. సాయంత్రం తనిఖీ సంగతి, రేపటి పోటీ సంగతి, పిల్ల వయసు సంగతి దాచకుండా చెప్పాడు. చెన్నయ్య మధ్యలో ఏమీ అడగలేదు.

"తలుగు కోసం వచ్చినవన్నట్టు," అన్నాడు చివరికి.

"తలుగు గాదు పటేలా, గాలి పంపు."

"మొన్న నువ్వు గూడ తలుగే అన్నవ్ గద. ఎర్క లేదా అన్నవ్." చెన్నయ్య కొట్టం వైపు చేయి చూపించాడు. సంచి మేకుకే వేలాడుతోంది. "కట్టుబాటు నీకు తెల్వనిది గాదు. తలుగు గావాలంటె గొడ్డును మలుపు. నీ పైసలు నీకు మలుపుత. రాయచూరాయన పొద్దుగూకులు ఫోన్ చేస్తుండు."

కురుమయ్య తలవంచుకున్నాడు.

"ఇంకోటి చెప్పు," అన్నాడు చెన్నయ్య. "నా తలుగు వద్దన్నవ్, మంచిదే. మరి నీ తలుగేది? ఉట్టి చేతుల్తోని గొడ్డును కొననీకె వచ్చిన దలారిని నిన్నొక్కన్నే చూసిన."

 కొనేవాడు తన తాడు తాను తెచ్చుకోవాలన్నది కూడా ఆ కట్టుబాటులో భాగమే. ఇన్నేళ్లలో కురుమయ్య భుజం మీద తాడు లేకుండా బేరానికి పోలేదు. గురువారం మాత్రం సైకిలే కదా అని వచ్చాడు. బేరం దగ్గర అది ఎద్దయింది, తాడు దగ్గర సైకిల్ అయింది. కట్టుబాటును సగమే పాటించి పూర్తిగా పాటించాననుకున్నాడు.

 కొట్టంలో ఎద్దు గంట ఒకటి కదిలింది. కురుమయ్య తలెత్తాడు.

"పటేలా, మీరు అమ్మిన ఎద్దు తాడు తెంపుకొని పాత కొట్టానికి వస్తె ఏం చేస్తరు?"

"ఏం చేస్త? కుడితి పెడ్త. గడ్డేస్త. కొన్నోనికి కబురు చేస్త."

"గది మలిపినట్టా?"

"మలిపినట్టెట్లయితది? దారి మర్వక వచ్చింది, తాగి పోతది."

"గట్లయితె జర కుడితి తీసిపెట్టున్రి," అన్నాడు కురుమయ్య. "వస్తున్నది."

చెన్నయ్య ఆయన్నే చూశాడు. నవ్వలేదు, కాదనలేదు. పక్కింటి పిలగాణ్ని పిలిచి, చేనుకు పోయి శ్రీనాథ్‌ను పిలుచుకు రమ్మన్నాడు.

కురుమయ్య శిల్పకు ఫోన్ చేశాడు. ఎడ్లు దింపి ఖాళీగా ఉన్న ట్రాలీ ఆటో ఎక్కి సైకిల్‌తో సహా రమ్మన్నాడు. సంత రోజు ఖాళీ ఆటో దొరకడం కష్టం. దొరికిన ఆటో బీచుపల్లి వంతెన దగ్గర ఆగిపోయింది, ముందు ఒక లారీ అడ్డం తిరిగింది. వాన మొదలైంది. గద్వాల నుంచి మళ్లీ పెబ్బేరు మీదుగా కొల్లాపూర్ వైపు పోవాలి, ఐదులోగా చేరాలి. అరుగు మీద చెన్నయ్య, మెట్టు మీద కురుమయ్య. చెన్నయ్య లోపలినుంచి టీ తెప్పించాడు. కురుమయ్య గ్లాసు పట్టుకుని చల్లార్చేశాడు.

ఆటో వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. శ్రీనాథ్ పుప్పొడి అంటిన వేళ్లతోనే చేనునుంచి వచ్చాడు. శిల్ప బరువు ఎంతో అడిగి, ముల్లు చూసుకుంటూ గాలి పెట్టాడు. వెనక భాగం లేచి నిలబడింది. పంపు తీసినా దిగలేదు.

"లోపల గాలి ఆపే సీలు పాతది," అన్నాడు శ్రీనాథ్. "రాత్రికి రాత్రి జర దిగుతది. రోజు పొద్దుగాల పెట్టుకోవాలె. గదే చెప్పబోయిన మొన్న. మీరిద్దరు నోరు తెరవనిచ్చిన్రా?"

"మరి రేపు పొద్దుగాల?" అంది శిల్ప.

 శ్రీనాథ్ రాలేడు. ఆదివారమైనా పువ్వు విప్పుతుంది. అతను పంపును శిల్ప చేతిలో పెట్టబోయాడు. చెన్నయ్య మధ్యలోనే అందుకుని తన తువ్వాలలో చుట్టుకున్నాడు.

"తలుగు నా చేతిలకెళ్లి పోదు," అన్నాడు. "ఏడికి రావాల్నో చెప్పున్రి. నేనే వస్త."

శిల్ప తండ్రి వైపు చూసింది. నమ్మవచ్చా అని ఆ చూపు.  డెబ్బై దాటిన మనిషి, రెండు బస్సులు మారాలి.

గుట్ట దగ్గర తనిఖీ బల్ల తీసేస్తుండగా తండ్రీ కూతురు చేరారు. అధికారి సీటు నొక్కి చూసి, వెనక్కి లేచే తీరు గమనించి, సంతకం పెట్టి, అన్ని సైకిళ్లతో పాటు రాత్రికి అక్కడే ఉంచుకున్నాడు.

ఆదివారం పొద్దున సైకిల్ తిరిగి చేతికి వచ్చేసరికి వెనక భాగం కొంచెం వంగి ఉంది. శిల్ప ఎక్కితే ఇంకాస్త దిగింది. ఆమె వరుసలో ఆరోది. పాల్ సారు హైదరాబాద్ పిల్లల దగ్గరికి వెళ్లి పంపు అడిగాడు. వాళ్ల కోచ్ మర్యాదగానే, తమ వాళ్లు దిగడం అయ్యాక ఇస్తామన్నాడు. వాళ్లవాళ్లు తొమ్మిదో, పదో నంబర్లు. మొదటి అమ్మాయి దిగింది. రెండో అమ్మాయి దిగింది. కురుమయ్య దారి వైపే చూస్తున్నాడు. మూడో అమ్మాయి మెట్టు దగ్గర పడి లేచింది. జనంలోంచి అరుపు గుట్ట పైదాకా వినబడింది. శిల్ప చేతి తొడుగులు తీసి మళ్లీ వేసుకుంది.

నాలుగో అమ్మాయిని పిలుస్తుండగా గుట్ట వెనక మట్టిదారిలో నీళ్ల క్యాన్ల ఆటో ఒకటి వచ్చి ఆగింది. క్యాన్ల మధ్య నుంచి చెన్నయ్య దిగాడు. ధోవతి మోకాళ్ల దాకా తడిసింది. బస్సు కొల్లాపూర్‌లోనే దింపేసిందని, ఇట్లాంటి చోట పోటీ పెట్టినవాళ్లకు బుద్ధి లేదని తిడుతూనే తువ్వాల విప్పాడు. శిల్ప గాలి పెడుతుంటే పంపు గొట్టాన్ని ఒక చేత్తో తానే పట్టుకుని ఉన్నాడు. అయిపోగానే చుట్టేసుకున్నాడు.

కురుమయ్య పరిగెత్తినట్టే నడిచి మెట్టు దగ్గరికి వెళ్లి, జనానికి అడ్డం కట్టిన తాడు ఇవతల నిలబడ్డాడు. పైన ఈల వినిపించింది. తర్వాత రాళ్ల చప్పుడు. మలుపులోంచి శిల్ప బయటపడింది. ఆయన చక్రాలను చూడలేదు, మొహాన్ని చూడలేదు. వేళ్లను చూశాడు. బతుకంతా వేళ్లను పట్టుకుని మనుషుల మనసు తెలుసుకున్నవాడు. బండ అంచు వచ్చింది. వేళ్లు హ్యాండిల్ చుట్టూ బిగిసి ఉన్నాయి. బ్రేకు మీదికి పోలేదు. ముందు చక్రం దిగింది, వెనకది దిగి, మడిచిన మోకాలులా ఒదిగి, లేచింది. ఆమె వెళ్లిపోయాక కూడా కాసేపు ఆయన ఆ బండనే చూశాడు.

ఒక్కొక్కరూ రెండుసార్లు దిగాలి, రెండింటిలో మంచిదాన్ని లెక్కేస్తారు. మొదటి దఫా అయ్యేసరికి శిల్ప రెండో స్థానంలో ఉంది. రెండో దఫాలో సగం దారికే సీలు వదిలేసింది. వెనక భాగం కూర్చుని, పెడలు రాళ్లకు తగిలింది. ఆమె నిలబడి, బరువంతా ముందుకు వేసి కిందికి చేరింది కానీ టైము దండగైంది. ఇక చేతిలో మొదటిదే మిగిలింది. మూడో స్థానంలో ఉన్న నిజామాబాద్ అమ్మాయి ఇంకా దిగాలి.

ఆ అమ్మాయి బాగా దిగింది. మెట్టును దాటిన తీరు చూసి పాల్ సారు కళ్లు మూసుకున్నాడు. బల్ల దగ్గర ఇద్దరు అధికారులు కాసేపు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. శిల్ప సైకిల్ పక్కన నేల మీద కూర్చుంది. జబ్బ పట్టుకోలేదు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి.

మైకులో రెండు పేర్లు చదివారు. మొదటిది హైదరాబాద్ అమ్మాయిది. రెండోది శిల్పది.

పాల్ సారు ఆమెను లేపి ఊపేస్తుంటే, కురుమయ్య చెన్నయ్య దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.  చెన్నయ్య తువ్వాల మూటను చంకలో సర్దుకుంటున్నాడు.

"ఇగ మల్ల ఏడ పోటీ?" అని అడిగాడు.

"పుణె దిక్కు అంటున్నరు పటేలా. వచ్చే నెల." పుణె పేరు చెప్పేటప్పుడు కురుమయ్య గొంతు మామూలుగానే ఉంది. అక్కడి రాళ్ల బరువు ఎంతో ఆయన భుజాలకు తెలుసు.

"గంత దూరం నేను రాను," అన్నాడు చెన్నయ్య. "నీ తలుగు నువ్వు కొనుక్కో."

నీళ్ల ఆటో ఖాళీ క్యాన్లతో తిరిగి పోతోంది. ఆయన డ్రైవర్ పక్కన ఎక్కి, మూటను ఒళ్లో పెట్టుకున్నాడు. కురుమయ్య ఆటో మలుపు తిరిగేదాకా ఆగి, సైకిల్ దగ్గరికి వెళ్లాడు. అలవాటుగా భుజం తడుముకున్నాడు. తువ్వాల ఒక్కటే ఉంది. ఫోన్ తీసి శిల్ప చేతికిచ్చి, గా పంపు ఏడ దొరుకుతదో ఇప్పుడే చూడమన్నాడు.